పెద్దాసుపత్రి పాత కాగితాలు కాపాడండి: కర్నూలు అధికారులకు, డాక్టర్లకు, ఊరి జనానికి బహిరంగ లేఖ

కర్నూలు పెద్దాసుపత్రి బాగోగులు చూస్తున్న అధికారులకు, ఇక్కడి మెడికల్ కాలేజీలో చదువుకుని దేశదేశాల్లో పనిచేస్తున్న డాక్టర్లకు, రిటైరైన సిస్టర్లకు, ఆయమ్మలకు, వార్డు బాయ్‌లకు, ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్లకు, చావు దాకా పోయి ఆ ఆసుపత్రిలోనే బతికి బయటపడినవాళ్లకు,

నమస్కారం. నేను రిటైర్డ్ టీచర్ని, హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ని. మీ పనుల ఒత్తిడి నాకు తెలుసు కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

ఏడాదిన్నరగా మేం కొంతమందిమి కలిసి ఒకే విషయం మీద అర్జీలు పెడుతున్నాం. ఇప్పటికి మూడు. మూడింటికీ రశీదులు ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. ఏ ఆఫీసులో ఇచ్చామో ఇక్కడ రాయను, ఎందుకంటే ఒక మనిషిని పట్టుకుని నిలదీయాలని నాకు లేదు, ఇవాళ ఆ కుర్చీలో ఉన్నవాళ్లు రేపు బదిలీ మీద పోతారు, ఇంకొకరు వస్తారు. మేం అడిగింది చాలా చిన్న పని. పెద్దాసుపత్రి చరిత్రను ఒకచోట చేర్చండి, పాత రిజిస్టర్లు, ఫొటోలు, బిల్డింగ్ ప్లాన్లు, శిలాఫలకాలు ఏవేవి మిగిలున్నాయో లెక్క తీసి భద్రం చేయండి, ఆ చరిత్ర చెప్పే బోర్డు ఒకటి పెట్టండి అన్నాం. అంతే.

"ఒక మంచం మీద ఇద్దరు పేషెంట్లు పడుకుంటున్నారు, ఇప్పుడు నీకు చరిత్ర కావాల్సొచ్చిందా సార్" అని ఒకాయన మొహం మీదే అన్నాడు. ఆ మాటకి నాకు కోపం రాలేదు. రోజూ క్యాజువాల్టీ ముందు నిలబడే మనిషికి అట్లా అనిపించడం న్యాయమే. కానీ ఆయనకి అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు చెప్తున్నాను: పాత కాగితం పోయినప్పుడు నష్టపోయేది ఆ రెండో పేషెంటు లాంటి మనిషే. డబ్బున్నవాళ్లు తమ కాగితాలు బీరువాలో పెట్టుకుంటారు. లేనివాళ్ల బతుకు మొత్తం సర్కారు రిజిస్టర్లో ఒక్క వరసలో ఉంటుంది.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మా పెద్దమ్మ ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, కాన్పుల వార్డులో ఆయాగా పనిచేసింది. ఏ ఊరి ఆసుపత్రో రాయను, మన సీమలోదే. కొన్నాళ్లు దినకూలీ, తర్వాత పర్మనెంటు. ఎంతమంది పిల్లలకి ఆమె చేతుల మీద మొదటి స్నానం జరిగిందో లెక్కలేదు. రిటైరయ్యే ముందు చూస్తే ఆమె సర్వీసు రిజిస్టర్లో మొదటి పేజీలు లేవు, చెదలు తినేశాయన్నారు. పర్మనెంటు చేసిన ఆర్డరు, మొదటి తొమ్మిదేళ్ల ఇంక్రిమెంట్లు ఆ పేజీల్లోనే ఉన్నాయి. ఆ కాలపు జీతాల రిజిస్టరు దొరికితే దాన్ని బట్టి మళ్లీ రాయొచ్చు, వెతుక్కోండి అన్నారు. సరేనని నేను, పెద్దమ్మ పోయాం.

మెట్ల కింద ఒక గది. తలుపు తీయగానే తడికాగితం వాసన, ఎలుకల వాసన, ఫినాయిల్ వాసన కలిసి ముక్కుకి కొట్టాయి. రిజిస్టర్లు నేల మీద నుంచి నడుమెత్తు దాకా పేర్చి ఉన్నాయి. కింది వరస గోడ చెమ్మకి ఒకదానికొకటి అతుక్కుపోయి, పెకిలిస్తే ముక్కలు ముక్కలుగా వచ్చింది. పై వరసలో ఒకటి కాస్త గట్టిగా కనిపించి అట్ట తెరిచాను. లోపల పేజీలు లేవు, చెదల మట్టి ఉంది. ఆ మట్టి మీద రిజిస్టరు గడులు మాత్రం అచ్చు గుద్దినట్టు కనిపిస్తున్నాయి. పెద్దమ్మ లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడి బొటనవేలు చూపించింది. "నాకు సంతకం రాదని వేలిముద్ర వేయించుకునేవాళ్లు నాయనా. ఈ వేలి మీద కొడవలి కోసిన మచ్చ ఉంటాది చూడు, ముద్రలో అడ్డంగా తెల్లగీత పడతాది. ఆ గీతున్న ముద్ర యాడుంటే అది నాదే" అంది. మధ్యాహ్నం దాకా వెతికాను. ఆ గీత దొరకలేదు.

తొమ్మిదేళ్లు లెక్కలోకి రాలేదు. పెన్షన్ తగ్గింది. బతికినన్నాళ్లూ నెల మొదట్లో బ్యాంకు నుంచి వచ్చి డబ్బు లెక్కపెట్టుకుంటూ "నేను ఆ తొమ్మిదేళ్లు యాడికి పోయినట్టు" అనేది. రెండేళ్ల తర్వాత వేరే పనిమీద ఆ ఆసుపత్రికి పోయి చూస్తే మెట్ల కింద గది ఖాళీగా, సున్నం కొట్టి శుభ్రంగా ఉంది. పాత పేపర్లోళ్లకి కిలో లెక్కన వేశారని వాచ్‌మన్ చెప్పాడు.

ఆ రోజు నుంచి నాకు పాత రిజిస్టరు కనిపిస్తే ప్రాణం ఆగదు.

ఇప్పుడు కర్నూలు సంగతి. ఈ ఊరి పెద్దాసుపత్రి ఎంత పెద్దదో ఇక్కడి పిల్లలకి తెలియదు, రోజూ కళ్లముందు ఉండేదాని విలువ తెలియడం కష్టం. 1839లో నవాబుల పాలన పోయి కర్నూలు ఇంగ్లీషువాళ్ల చేతికి పూర్తిగా వచ్చింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా కేంద్రాల్లో ఆసుపత్రులు, తాలూకాల్లో డిస్పెన్సరీలు మెల్లగా వచ్చాయి, చాలావాటి ఖర్చు మున్సిపాలిటీలు, లోకల్ ఫండ్ బోర్డులు భరించేవి. 1876-78 కరువు మన సీమను ఊడ్చిపెట్టేసింది. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాల్లో జనం ఆకలితో కొంత, ఆకలి వెంట వచ్చిన కలరా, జ్వరాలతో కొంత రాలిపోయారు. ఇప్పటి అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలోనే ఉంది, 1882లో గానీ విడి జిల్లా కాలేదు. డాక్టరు అనే మాట మన పల్లెలకి పరిచయమైంది ఇట్లాంటి కష్టాల్లోనే.

మా అవ్వ చెప్పేది, ఆసుపత్రికి పోవాలంటే ఇంటి నుంచే ఖాళీ సీసా కడుక్కుని తీసుకుపోవాలంట. కాంపౌండరు పెద్ద జాడీలోంచి ఎర్రమందు వంచి, కాగితం పట్టీ ఒకటి కత్తెరతో గాట్లు పెట్టి సీసా పక్కన అంటించేవాడంట. ఒక గాటు దాకా తాగితే ఒక పూట మందు. చదువు రానివాళ్లకి అంతకంటే బాగా డోసు చెప్పే పద్ధతి నేనైతే ఇంకోటి చూడలేదు. ఆ సీసా, ఆ పట్టీ ఒక్కటైనా ఎక్కడైనా దాచి ఉంచామా?

1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి, ఆఫీసులు చాలక గుడారాలు వేసి నడిపారు. మూడేళ్లకే 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాదు వెళ్లిపోయింది. గుడారాలు పీకేశాక ఊరికి ఏం మిగిలింది అని అడిగితే నేను చెప్పే జవాబు ఒక్కటే, మెడికల్ కాలేజీ, దానితోపాటు పెరిగిన ఆసుపత్రి. విశాఖలో 1923లో, గుంటూరులో 1946లో పెట్టారు, 1950లు దాటకముందే కర్నూలుకి వచ్చింది. తిరుపతికి 1960లో గానీ రాలేదు. అనంతపురానికి 2000 దాకా, కడప రిమ్స్‌కి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే దశాబ్దాలపాటు సీమ నడిబొడ్డున పెద్ద జబ్బు చేసినవాడికి దిక్కు మా బుధవారపేట ఆసుపత్రే. గద్వాల, ఆలంపూర్ నుంచి, రాయచూరు, బళ్లారి, సిరుగుప్ప నుంచి కూడా ఇక్కడికే వచ్చేవాళ్లు, ఇప్పటికీ వస్తున్నారు. ఓపీ చీటీ లైన్లో పది నిమిషాలు నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ వినిపిస్తాయి. ఇవాళ వెయ్యికి పైగా పడకలు, ఏటా 250 మంది ఎంబీబీఎస్ పిల్లలు. ఇంత చరిత్ర ఉన్నదాని గురించి ఓపీ హాల్లో నిలబడి చదువుకోవడానికి తెలుగులో ఒక్క బోర్డు పెట్టమని అడిగితే మూడు రశీదులు మిగిలాయి.

ఈ కాగితాలు పోతే మామూలు మనుషులకి ఏం జరుగుతుందో ఇక వరసగా చెప్తాను.

1. పుట్టిన రుజువు. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. చట్టం రాగానే మన పల్లెల్లో అందరూ రాయించుకున్నారా, లేదు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఇప్పటికీ ఊళ్లకి ఊళ్లు సుగ్గికి పోతాయి, ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటేసుకుని గుంటూరు మిరప చేలకో, బెంగళూరు బిల్డింగ్ పనులకో. కడుపుతో ఉన్న ఆడమనిషి ఎక్కడ కంటుందో, ఆ పుట్టుక ఏ ఊరి లెక్కలో పడుతుందో ఎవరూ పట్టించుకోరు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టినవాళ్లకి స్కూలు అడ్మిషన్ నుంచి పాస్‌పోర్టు దాకా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే ఆధారమని చట్టం మార్చారు, మంచిదే. మరి అంతకుముందు పుట్టిన కోట్లమంది? వృద్ధాప్య పెన్షన్‌కి వయసు నిరూపించుకోవాల్సిన మనిషికి, ఆధార్‌లో పడ్డ తప్పు తేదీ దిద్దుకోవాల్సిన మనిషికి, కాన్పుల వార్డు పాత రిజిస్టర్లో తల్లి పేరు ఎదురుగా ఉన్న ఒక్క తేదీ చాలా పెద్ద ఆసరా. ఆ రిజిస్టరు చెదల పాలైతే ఆ మనిషి నోటరీల చుట్టూ, బ్రోకర్ల చుట్టూ తిరగాలి. ఒక్కో తిరుగుడుకి ఒక రోజు కూలి పోతుంది.

2. దెబ్బలు తగిలినవాళ్లు. 44వ నంబరు జాతీయ రహదారి మన ఊరి పక్కనుంచే పోతుంది, యాక్సిడెంట్ కేసులు రాని రాత్రి ఉండదు. 2025 అక్టోబరులో చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోయినప్పుడు ఏ కుటుంబానికి ఎవరి శరీరం అప్పగించాలో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. పాత రోజుల్లో ముఠా కక్షలు, నాటుబాంబులు. రెండు వైపులవాళ్లనీ ఒకే ఆపరేషన్ థియేటర్లో కుట్టిన డాక్టర్లు ఉన్నారు. ఇట్లాంటి కేసుల్లో ఎంఎల్‌సీ రిజిస్టరు (పోలీసు, కోర్టు దాకా పోయే కేసులు రాసే పుస్తకం), గాయాల సర్టిఫికెట్టు ఉంటేనే నష్టపరిహారం, ఉంటేనే కోర్టులో న్యాయం. కేసులేమో పదేళ్లు, పదిహేనేళ్లు సాగుతాయి. ఇన్‌పేషెంటు రికార్డు కనీసం 3 ఏళ్లు ఉంచాలి, పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి అని మెడికల్ కౌన్సిల్ 2002లోనే డాక్టర్లకి నియమం పెట్టింది. ఈ సంగతి తెలిసిన పేషెంట్లు ఎంతమంది? నేను అడిగిన ఇరవై ముప్పై మందిలో ఒక్కరికీ తెలియదు.

3. రోగాల జ్ఞాపకం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. నారికురుపు అని ఒక రోగం ఉండేది. నలభై దాటినవాళ్లకి గుర్తుంటుంది, పిల్లలకి ఆ మాటే తెలియదు. దిగుడుబావిలో మెట్లు దిగి నీళ్లు ముంచుకునేవాళ్లం కదా, రోగం ఉన్నవాడి కాలు ఆ నీళ్లలో పడితే పురుగు పిల్లలు నీళ్లలోకి పోయేవి, కంటికి ఆనని నీటి పురుగుల్లో చేరి, ఆ నీళ్లు తాగినవాళ్ల ఒంట్లోకి వచ్చేవి. ఏడాదికి కాలి మీద బొబ్బ లేచి, చిట్లి, తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని లాగితే తెగిపోయి కాలు కుళ్లుతుంది. అందుకని చిన్న పుల్లకి చుట్టి, రోజుకి కొంచెం, రోజుకి కొంచెం తిప్పుతూ వారాల తరబడి తీసేవాళ్లు. సరిగ్గా సేద్యం పనుల రోజుల్లోనే మనిషి మంచాన పడేవాడు. మా వీధిలో ఒకాయన పుల్లకి చుట్టిన పురుగుతో అరుగు మీద కూర్చుని, కాలు చాపుకుని, ఈగలు తోలుకుంటూ ఉండటం నేను చిన్నప్పుడు రోజూ బడికి పోతూ చూశాను.

ఆ రోగానికి టీకా లేదు, మాత్ర లేదు. 1983-84లో దేశవ్యాప్తంగా కార్యక్రమం పెట్టి, నీళ్లు గుడ్డలో వడకట్టుకుని తాగమని ఇంటింటికీ చెప్పి, దిగుడుబావుల మెట్లు మూయించి, బోర్లు వేయించి దాన్ని పారదోలారు. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో. 2000లో మన దేశానికి ఆ రోగం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. సీమ పల్లెల్లో ఎండలో తిరిగి ఆ పని చేసిన హెల్త్ వర్కర్లు ఇప్పుడు డెబ్బై ఏళ్ల ముసలివాళ్లు. వాళ్లని కూర్చోబెట్టి "అప్పుడు జనాన్ని ఎట్లా ఒప్పించారమ్మా" అని అడిగి రాసుకున్నవాళ్లు ఎవరు? కరోనా వచ్చినప్పుడు ఆ ముసలివాళ్ల అనుభవం మనకి పనికొచ్చేది. "అమ్మవారు పోసింది" అని ఇంటికి వేపమండ కట్టి, సూది మందు వద్దన్న ఇళ్లల్లో మశూచి టీకాలు వేసి వచ్చినవాళ్ల తరం దాదాపు వెళ్లిపోయింది. మశూచి పోయిందని మన దేశం ప్రకటించుకున్నది 1977లో, లెక్క వేసుకోండి.

పత్తి చేలకి మందులు విపరీతంగా కొట్టడం మొదలైనాక పురుగుల మందు కేసులు, చేలల్లో పాము కాట్లు, తేలు కుట్టడాలు, ఇట్లాంటివాటికి ఎట్లా వైద్యం చేయాలో మన ఆసుపత్రి డాక్టర్లకి ఉన్నంత అనుభవం పెద్ద పెద్ద సిటీల కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఉండదని నేను గట్టిగా నమ్ముతాను. ఏ సంవత్సరం, ఏ నెలలో, ఏ మండలం నుంచి ఎంతమంది వచ్చారో పాత అడ్మిషన్ రిజిస్టర్లు దగ్గర పెట్టుకుని ఒక విద్యార్థి లెక్క తీస్తే, ఏ పీహెచ్‌సీలో (మండలాల్లో ఉండే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) పాము మందు ఎక్కువ ఉంచాలో ఆ లెక్కే చెప్తుంది.

4. వరద. 2009 అక్టోబర్ 2. కర్నూలువాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊరి మీదకి వచ్చాయి. కింద శ్రీశైలం డ్యాముకి 25 లక్షల క్యూసెక్కుల వరద చేరిందంటే ఇక్కడ ఏమై ఉంటుందో చదివేవాళ్లు ఊహించుకోండి. నీళ్లు తీశాక జనం మిద్దెల మీద, గోడల మీద ఏం ఆరబెట్టారో గుర్తుందా? బట్టలకంటే ముందు కాగితాలు. రేషన్ కార్డులు, పదో తరగతి మెమోలు, ఇంటి దస్తావేజులు, ఒక్కో కాగితం మీద ఒక్కో గులకరాయి. మా స్కూలు పిల్లలు ఎంతమంది సర్టిఫికెట్ల డూప్లికేట్ల కోసం తిరిగారో నాకు తెలుసు, ఆ అర్జీలు నేనే రాసిచ్చాను. నది ఒడ్డున ఉన్న ఊరు మనది, మళ్లీ రాదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. అట్లాంటప్పుడు ఒకే ఒక్క ప్రతి ఉన్న రిజిస్టరు, అదీ గ్రౌండ్ ఫ్లోర్లో ఉంచడం అంటే నదికి అప్పజెప్పినట్టే.

5. పేరు లేని సేవ. 2020 ఏప్రిల్లో రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ కరోనా కేసులు మన జిల్లాలోనే. ఆ నెల 14న డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ గారు పోయారు. రెండు రూపాయల డాక్టరుగా ఊరంతటికీ తెలిసిన మనిషి, ఇక్కడే చదువుకున్నారు. చేతిలో ఎంత ఉంటే అంత పెట్టి వెళ్లమనేవారు, లేదంటే అదీ అడిగేవారు కాదు. లాక్‌డౌన్ కాబట్టి ఊరు ఆయన్ని సాగనంపలేకపోయింది. ఆయనంటే పేరున్న మనిషి, పత్రికలు రాశాయి. అదే నెలల్లో పీపీఈ కిట్ల లోపల చెమటలో నానిపోతూ పేషెంట్లకి అన్నం తినిపించిన ఆయమ్మలు, ఎవరూ ముట్టని శవాలను మోసిన మార్చురీ కార్మికులు, 2005లో 108 వచ్చినప్పటి నుంచీ పగలూ రాత్రీ బండి తోలుతున్న డ్రైవర్లు, వీళ్ల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయి? కాంట్రాక్టు ఏజెన్సీ మారితే హాజరు పట్టీ కూడా పోతుంది. మా పెద్దమ్మ తొమ్మిదేళ్లు పోయినట్టే వీళ్ల ఏళ్లు కూడా పోతాయి, అదే నా భయం.

6. రాళ్లు. ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా పాత వార్డు కట్టించిన దాతల పేర్లు, మంచాలు ఇచ్చినవాళ్ల పేర్లు గోడల్లో రాళ్ల మీద చెక్కి ఉంటాయి. కొత్త బిల్డింగ్ కట్టేటప్పుడు కాంట్రాక్టరుకి అవి రాళ్లే. టైల్స్ కింద పోతాయి, లేదంటే మట్టి ట్రాక్టర్లో. ఆ రాయి ఏ షరతు మీద ఏ స్థలం ఇచ్చారో చెప్పే ఆధారం కూడా కావచ్చు.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి. దయచేసి వీటికి అవునో కాదో చెప్పండి.

1. పాత రికార్డు ఏదైనా పారేసే ముందు, అమ్మే ముందు లిస్టు తయారు చేసి నోటీసు బోర్డులో పెట్టాలి, కనీసం నెల గడువు ఇవ్వాలి. అడ్మిషన్, కాన్పు, ఆపరేషన్, ఎంఎల్‌సీ, జీతాల రిజిస్టర్లు ఏ పరిస్థితుల్లోనూ కిలోల లెక్కన పోకూడదు. మిగతావన్నీ ఆలస్యమైనా ఆగుతాం. ఇది మాత్రం రేపటి నుంచే అమలు కావాలి, ఎందుకంటే పోయినదాన్ని ఏ జీవో తీసుకురాలేదు.

2. పై అంతస్తులో ఒక్క గది. పొడిగా, గాలి ఆడేలా, ఇనుప ర్యాకులతో. ఏసీలు అడగడం లేదు. చెదల మందు ఏడాదికోసారి కొట్టించి, తాళంచెవి ఒక బాధ్యత గల మనిషి దగ్గర ఉంచితే చాలు.

3. 1980కి ముందువి మొదట స్కాన్ చేయించండి. పేషెంట్ల పేర్లు, రోగాల వివరాలు బయటివాళ్లకి కనిపించకుండా మూసే ఏర్పాటు ఉండాలి, హెచ్‌ఐవీ, మానసిక రోగాలు, అబార్షన్ లాంటి కేసుల జోలికి ఎవరినీ పోనివ్వకూడదు. ఎవరి వివరం వాళ్లకి, వాళ్ల వారసులకి మాత్రం అడిగితే ఇవ్వాలి. మనుషులు చాలరంటే రాయలసీమ యూనివర్సిటీ, ఉస్మానియా కాలేజీ, సిల్వర్ జూబ్లీ కాలేజీ పిల్లలున్నారు, ప్రాజెక్టు కింద సంతోషంగా చేస్తారు. వాళ్లకి పాత చేతిరాత, పాత గొలుసుకట్టు చదవడం నేర్పడానికి నాలాంటి రిటైర్డ్ టీచర్లం ఊరికే వస్తాం.

4. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ఫైళ్లు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అక్కడికి ఒక మనిషిని అధికారికంగా ఉత్తరం ఇచ్చి ఒక్క నెల పంపండి. కర్నూలు ఆసుపత్రికి సంబంధించినవి ఏవేవి ఉన్నాయో లిస్టు రాసుకొస్తాడు. రైలు టికెట్టు, భోజనం ఖర్చు మేం చందా వేసుకుంటాం, మీరు ఉత్తరం మీద సంతకం చేస్తే చాలు.

5. రిటైరైన డాక్టర్లు, సిస్టర్లు, ఆయమ్మలు, కాంపౌండర్లు, మార్చురీ కార్మికుల మాటలు రికార్డు చేయించండి. ఎనభై దాటినవాళ్లతో మొదలుపెట్టండి.

6. ఓపీ హాల్లో బోర్డు. తెలుగు, ఉర్దూ, కన్నడ మూడు భాషల్లో, దూరం నుంచి కూడా కనిపించే అక్షరాల్లో. ఆసుపత్రి చరిత్రతోపాటు, కేసు షీటు కాపీ అడిగే హక్కు, 72 గంటల గడువు సంగతి కూడా అదే బోర్డు మీద రాయాలి. పాత శిలాఫలకాలు బిల్డింగ్ పనుల్లో తీయాల్సి వస్తే ఆ బోర్డు పక్కనే గోడకి పెట్టాలి.

డాక్టర్లూ, ఇప్పుడు మీతో ఒక మాట. మీలో చాలామంది అమెరికాలో, ఇంగ్లండులో, హైదరాబాదులో స్థిరపడ్డారు. బ్యాచ్ రీయూనియన్లకి వస్తారు, పాత హాస్టల్ దగ్గర ఫొటోలు దిగుతారు, మాకూ ముచ్చటగా ఉంటుంది. మీ ఇళ్లల్లో పాత ఆల్బమ్‌లు ఉంటాయి. గ్రూప్ ఫొటోల వెనక వార్డు కనిపిస్తుంది, పాత పోర్టికో కనిపిస్తుంది, పక్కన నిలబడ్డ సిస్టరమ్మ, వార్డు బాయ్ కనిపిస్తారు. మీ పేర్లు మాకు కాలేజీ లిస్టుల్లో దొరుకుతాయి. ఆ వార్డు బాయ్ పేరు మీకు మాత్రమే తెలుసు. ఫొటో వెనక్కి తిప్పి, గుర్తున్నంత వరకు పేర్లు, సంవత్సరం పెన్సిల్‌తో రాసి, ఒక కాపీ మాకు పంపండి. చీకట్లో మీకు స్టాఫ్ క్వార్టర్స్ నుంచి టీ తెచ్చిపెట్టిన మనిషికి మీరు చేయగలిగిన సాయం అది.

ఊరి జనానికి కూడా. మీ ట్రంకు పెట్టెల్లో పాత ఓపీ చీటీలు, డిశ్చార్జి కాగితాలు, మందు సీసాలు, టీకా కార్డులు ఉంటే పారేయకండి. దీపావళికి ఇల్లు సర్దుతూ పాత కాగితాలు బయటేసే ముందు ఒక్కసారి తిప్పి చూడండి.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు. వచ్చే సోమవారం ఉదయం 10 గంటలకి ఈ లేఖ కాపీతో, పాత మూడు రశీదులు దానికి పిన్ను కొట్టి, మేం మళ్లీ వస్తున్నాం. ఎనిమిది మందిమి ఉంటాం, అందులో ఒకామె రిటైర్డ్ హెడ్ నర్సు, నడవలేదు, ఆటోలో తీసుకొస్తాం. ఆమె దగ్గర తన డ్యూటీ రోజుల ఫొటోలు ఒక పాత బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి. అవి ఎవరికి అప్పజెప్పాలో, దానికి రశీదు ఎవరు ఇస్తారో ఆ రోజు మాకు చెప్పండి.

ఇట్లు,
బుధవారపేట నుంచి ఒక రిటైర్డ్ టీచరు,
కర్నూలు